వేడిమీద నిలిపిన మోటారు మరల లేవకుండుట

మన సంఘ సభ్యులలో మోటారు బండ్లు గలవారి సంఖ్య యేటేట హెచ్చుచున్నది. కొందరికి జీపులు, కొందరికి పాత కార్లు, కొందరికి ట్రాక్టర్లు కలవు. ఈ బండ్ల నన్నిటిని పీడించు జబ్బు లనేకములుండగా, అందొక్కటి మాత్రము యజమానిని మిగుల విసిగించునదై యున్నది. ఉదయమున తాళము త్రిప్పినంతనే ఇంజను లేచును. ఇరువది ముప్పది కిలోమీటర్లు చక్కగా నడచును. దారిలో పెట్రోలు బంకువద్దనో, టీ అంగడివద్దనో పావుగంటసేపు నిలిపి మరల తాళము త్రిప్పుదుమా, ఎంతకును లేవదు. గంట రెండుగంటలు గడచిన పిమ్మట ఏమియు నెరుగనట్లు మొదటి త్రిప్పునకే లేచును. మెకానికు వచ్చునప్పటికి బండి నిక్షేపముగ నుండును. కావున జబ్బేమో అతనికిని అంతుపట్టదు. అంతుపట్టలేదని చెప్పుట వృత్తికి తక్కువ గనుక, ఏదో యొక సామాను మార్చి సొమ్ము పుచ్చుకొనును.

వేసవిలో మా కట్టి యనుభవమే కలిగెను. వాయల్పాటి ప్రాంతమునుండి టమాటా పెట్టెలు వేసికొని పాత పెట్రోలు జీపొకటి తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్టునకు బయలుదేరెను. దారి యెగువ దారి, బరువు హెచ్చు. ఊరి పొలిమేరలో డ్రైవరు టీ త్రాగుటకై బండి నాపెను. ఇరువది నిమిషముల తరువాత నది లేవలేదు. సెల్ఫు గిరగిర తిరుగుచునే యున్నది, ఇంజను మాత్రము అంటుకొనదు. తిప్పితిప్పి బ్యాటరీని నీరసింపజేసిరి. బండి కదలునప్పటికి వేలము పాటలు ముగిసినవి. మిగిలిన సరకును అడిగినవాని కడిగిన ధర కిచ్చి రావలసి వచ్చినది. పెట్టెలు నలుగురు సభ్యులవి. వారిలో నొకరు ఆ కోతమీదనే కూలివాండ్ర బాకీ తీర్చదలచి యుండిరి.

అటుపిమ్మట జరిగినది మరియు వింత. మొదటి మెకానికు బ్యాటరీ మార్పించెను. వారము తిరుగకమునుపే బండి మరల నిలిచెను. రెండవ యతడు సెల్ఫు మోటారు మార్చెను. మరల నిలిచెను. మూడవసారి ఒక ముసలి మెకానికువద్దకు చల్లారిన బండిని తోలుకొనిపోగా, అతడు బానెట్టు ఎత్తనైనను లేదు. "ఏమప్పా, చల్లగా ఉన్నప్పుడు చూసి ఏం లాభం? బాగా కాగినంక, అది మొండికేసినప్పుడు తీసుకురా. లేదంటే నన్నే ఆడికి పిలువు" అని పంపివేసెను. ఈ మాటయే యీ వ్యాసమునకు మూలము. వేడిమీద వచ్చు జబ్బును వేడిమీదనే పరీక్షింపవలెను. ఆ పరీక్షలలో పెక్కింటిని యజమాని తానే చేసికొనవచ్చును. అందులకు కావలసిన సామాగ్రి ఒక పాత స్పార్కు ప్లగ్గు, ఒక తడిగుడ్డ, వోల్టులు చూచు చిన్న మీటరు మాత్రమే.

ముందుగా ఒక సంగతి గ్రహింపవలెను. ఇంజను నడచుచున్నంతసేపు రేడియేటరు నీరు తిరుగుచుండును, ఫ్యాను గాలి విసరుచుండును, ఎదురుగాలి బానెట్టులోనికి దూరుచుండును. బండి ఆపినతోడనే యీ మూడును నిలిచిపోవును. ఇంజను ఇనుములో దాగిన వేడిమికి పోవుటకు దారి లేక, చుట్టునున్న కాయిలు, కార్బురేటరు, పెట్రోలు గొట్టము, సెల్ఫు మున్నగువాని నెక్కును. పొయ్యి ఆర్పినను కుండలోని పప్పు కొంతతడవు కుతకుతలాడుట మన మెరిగినదే కదా. అట్లే, బండి ఆపిన పది పదునైదు నిమిషములకు బానెట్టు క్రింద వేడిమి నడచునప్పటికంటె హెచ్చుగా నుండును. అందువలననే ఆపిన వెంటనే లేచు బండి పావుగంటకు లేవదు, గంటకు మరల లేచును. ఆపినది మొదలు ఎన్ని నిమిషములకు లేవలేదో, ఎంతసేపటికి మరల లేచినదో ఒక కాగితముమీద వ్రాసియుంచుకొనినచో సగము పరీక్ష జరిగినట్లే.

పరీక్షలో మొదటి ప్రశ్న యొక్కటే. తాళము త్రిప్పినప్పుడు సెల్ఫు ఇంజనును బలముగా త్రిప్పుచున్నదా, లేదా? మా జీపు విషయమున ఈ ప్రశ్న నెవరును అడుగలేదు. సెల్ఫు గిరగిర తిరుగుచుండగా బ్యాటరీని, సెల్ఫును మార్చుట కాలినొప్పికి తలకు మందు రాచుట వంటిది.

సెల్ఫు తిరుగక టక్కుమని శబ్దము మాత్రము చేసినను, ఈడ్చుకొనుచు తిరిగినను లోపము కరెంటు దారిలో నున్నది. రాగితీగ వేడెక్కినకొలది కరెంటు నెదిరించు గుణము హెచ్చును. నూరు డిగ్రీలు వేడి హెచ్చినచో ఆ యెదురు సుమారు మూడింట నొకవంతునకు పైగా పెరుగును. చల్లగా నున్నప్పుడు ఎట్లో నెట్టుకొనివచ్చు సెల్ఫు, సైలెన్సరు గొట్టము ప్రక్కన కాగినప్పుడు చతికిలబడుటకు కారణ మిదియే. ఇప్పుడు మీటరు తీయుడు. నిండుగా చార్జియున్న బ్యాటరీ ఊరక నుండగా సుమారు 12.6 వోల్టులు చూపును. సెల్ఫు త్రిప్పుచుండగా అది 9.5 వోల్టులకు దిగువకు పడినచో బ్యాటరీనే ముందుగా అనుమానింపవలెను. పదికి పైన నిలిచియుండియు సెల్ఫు ఈడ్చుచున్నచో తప్పు తీగలలోనో సెల్ఫులోనో కలదు. పిమ్మట మీటరు తీగ నొకదానిని బ్యాటరీ నెగెటివు కొనకును, రెండవదానిని ఇంజను ఇనుమునకును ఆనించి సెల్ఫు త్రిప్పింపవలెను. అర వోల్టుకు మించి చూపెనా, ఇంజనుకు ఛాసిస్‌కు నడుమనున్న ఎర్తు పట్టీ తుప్పుపట్టినదని నిశ్చయింపవచ్చును. దానిని విప్పి గరుకు కాగితముతో రుద్ది బిగించుటకు దమ్మిడీ ఖర్చు లేదు. సెల్ఫు మార్చుటకు మాత్రము వేలు కావలెను.

ఈ సందర్భముననే మరియొక చిత్రమును చెప్పవలసియున్నది. డిస్ట్రిబ్యూటరు గల పాతబండ్లలో స్పార్కు రావలసిన సమయముకంటె మిక్కిలి ముందుగా వచ్చునట్లు టైమింగు పెట్టినచో, వేడి ఇంజను సెల్ఫునకు ఎదురుతన్నును. సెల్ఫు ఒక త్రిప్పు త్రిప్పును, ఆగును, మరల త్రిప్పును. బండి లాగుడు హెచ్చవలెనని టైమింగు ముందుకు జరిపించుకొను డ్రైవర్లు ఇందుకై సెల్ఫును నిందింతురు.

సెల్ఫు బలముగా తిరుగుచుండియు ఇంజను అంటుకొనదేని, పెట్రోలు బండిలో చూడదగినవి రెండు: స్పార్కు ఉన్నదా, పెట్రోలు తగుమాత్రముగా నున్నదా. బండి మొండికేసిన ఆ పది నిమిషములలోనే యీ రెంటిని చూడవలెను. పాతకాలపు కాయిలు, డిస్ట్రిబ్యూటరు గల బండ్లలో ఒక ప్లగ్గు తీగను ఊడదీసి పాత ప్లగ్గునకు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుపభాగమును ఇంజను ఇనుమునకు గట్టిగా ఆనించి, రబ్బరు పిడిగల పటకారుతో పట్టుకొని సెల్ఫు త్రిప్పింపవలెను. చుట్టుప్రక్కల పెట్రోలు కారియుండరాదు, బీడీ సిగరెట్టుల మాట చెప్పనక్కరలేదు. చిటచిట శబ్దముతో నీలిరంగు స్పార్కు దుమికినచో ఆ భాగము బాగున్నది. పసుపుపచ్చగా నీరసముగా వచ్చినను, అసలు రాకున్నను, కాయిలునో, కండెన్సరునో, ఎలక్ట్రానికు మాడ్యూలునో అనుమానింపవలెను. ప్లగ్గుకొక కాయిలు గల నేటి కొత్తబండ్లమీద మాత్రము ఈ పరీక్ష చేయరాదు. విలువగల సామాను కాలిపోవచ్చును.

కాయిలులో వెండ్రుకవంటి సన్నని తీగ వేలకొలది చుట్లు చుట్టియుండును. ఆ చుట్ల నడుమ పూత చెడినచో, చల్లగా నున్నప్పుడు పనిచేయుచుండియు వేడెక్కగానే లోలోపలనే కరెంటు దుమికి ప్లగ్గువరకు రాకుండ పోవును. మీటరుతో చల్లని కాయిలును కొలిచినచో అంతయు సరిగనే కనబడును. కావున నిశ్చయమైన పరీక్ష వేరొకటి కలదు. బాగున్న కాయిలు నొకదానిని బండిలో చల్లగా నుంచుకొని, ఇంజను మొండికేసినప్పుడు తీగలు దానికి మార్చి త్రిప్పవలెను. వెంటనే లేచినచో దొంగ దొరికినట్లే. ముసలి మెకానికు మా జీపునకు చేసినదిదియే. పాత కాయిలును ఎవరో సైలెన్సరు గొట్టమునకు జానెడు దూరమున బిగించి యుంచిరి. అతడు కొత్త కాయిలును ఆవలి ప్రక్క, గాలి తగులుచోట బిగించెను. కూలితో కూడ అయిన ఖర్చు, అంతకుముందు దండుగ చేసిన బ్యాటరీ వెలలో నాలుగవ వంతైనను లేదు.

స్పార్కు బాగుండియు ఇంజను లేవకున్నచో పెట్రోలు సంగతి చూడవలెను. కార్బురేటరు బండ్లలో నిది మిగుల సామాన్యమైన జబ్బు. 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లలో పాతవానిని, పాత జీపులను నడపినవారందరు దీని నెరుగుదురు. నీటివలె పెట్రోలు ఒక్క డిగ్రీవద్ద మరుగునది కాదు. అందు తేలికభాగములు సుమారు 35, 40 డిగ్రీలకే ఆవిరి కానారంభించును. బరువైన భాగములు 200 డిగ్రీలవరకు నిలుచును. మే నెలలో ఎండయే 40 డిగ్రీలు దాటుచుండగా బానెట్టు క్రింద దాని గతి యేమనవలెను! ఈ ఆవిరి రెండువిధముల కీడు చేయును. ఆ రెండును పరస్పర విరుద్ధములు, చికిత్సయు విరుద్ధమే. ఇక్కడ పొరబడువారు పెక్కుమంది గాన కొంచెము వివరముగ వ్రాయుచున్నాము.

మొదటిది పెట్రోలు హెచ్చగుట. కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు మరిగి పొంగి, ఇంజనులోనికి కారును. లోపల గాలి తక్కువై పెట్రోలు ఎక్కువై స్పార్కు ఉన్నను అంటుకొనదు. ప్లగ్గు విప్పి చూచినచో తడిసియుండును. పెట్రోలు వాసన ఘాటుగా కొట్టును. ఇప్పుడు చోక్ లాగరాదు. యాక్సిలరేటరును పదేపదే తొక్కరాదు. తొక్కిన ప్రతిసారి కార్బురేటరులోని చిన్నపంపు మరికొంత పెట్రోలును చిమ్మును. యాక్సిలరేటరును మెల్లగా చివరివరకు తొక్కి, అట్లే పట్టి, సెల్ఫును పది సెకండ్లకు మించకుండ త్రిప్పవలెను. గాలి విరివిగా పోయి లోపలి చెమ్మ యారి, దగ్గుచు దగ్గుచు ఇంజను లేచును. లేచినంతనే కాలు మెల్లగా తీయవలెను. మొదటిసారికి లేవకున్నచో నిమిషము విరామమిచ్చి మరల త్రిప్పవలెను. విరామము లేక త్రిప్పినచో సెల్ఫు కాలిపోవును.

రెండవది పెట్రోలు అందకుండుట. ట్యాంకునుండి వచ్చు గొట్టములోను, ఇంజను ప్రక్కనుండు పంపులోను పెట్రోలు ఆవిరియై నిలిచిపోవును. ఆ పంపు ద్రవమును తోడగలదు గాని ఆవిరిని తోడజాలదు. ఈ స్థితిలో ప్లగ్గు ఎండియుండును, వాసన రాదు. తడిగుడ్డను పంపుమీదను గొట్టముమీదను కప్పి పది నిమిషము లాగినచో ఆవిరి మరల ద్రవమై దారి తెరచుకొనును. ఇట్లు తడిగుడ్డకు లొంగినచో జబ్బు ఇదియే యని తేలినట్లు. కార్బురేటరు నోటిలో సీసాతో పెట్రోలు పోసి త్రిప్పు ఆచారము కొందరికి కలదు. ఇంజను ఎదురుదగ్గినప్పుడు మంట పైకి లేచి మొగము కాల్చును. దానిని ఎంతమాత్రమును చేయరాదు.

ఈ రెంటికిని శాశ్వతమైన మందు వేడిమిని దూరముచేయుటయే. గొట్టము సైలెన్సరుకు తగులుచున్నచో మార్చి బిగింపవలెను. కార్బురేటరు క్రింద వేడి ఎక్కకుండ ఒక దళసరి బిళ్ల నుంతురు. పగిలినదని దానిని పారవేసి పలుచని కాగితపు గ్యాస్కెటుతో సరిపెట్టు మెకానికులు కలరు. ఆ బిళ్ల యున్నదేమో తప్పక చూచుకొనవలెను. రేడియేటరులో మట్టి, పురుగులు, వరిపొట్టు నిండియున్నచో కడిగింపవలెను. నేడు మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళవరకు ఇథనాలు కలుపుచున్నారు. ఇథనాలు పాతకాలపు రబ్బరును మెత్తబరచును. కావున పాతబండి గలవారు రబ్బరు గొట్టములను, పంపులోని తోలుబిళ్లను మార్పించుకొనుట మంచిది. పాత గొట్టము కారుటయు, వేడి సైలెన్సరుమీద చుక్కలు పడుటయు ఇంజను లేవకపోవుటకంటె పెద్ద యాపద.

కంప్యూటరుతో నడచు ఇంజెక్షను బండ్లలో పెట్రోలు సుమారు మూడు బారుల ఒత్తిడిలో నుండును గనుక సులభముగ మరుగదు. అట్లని ఈ జబ్బు వానికి లేకపోలేదు, వేషము మార్చుకొని వచ్చును. ఇందు ముఖ్యముగ అనుమానింపదగినది క్రాంక్ సెన్సారు. ఇంజను తిరుగుచున్నదని కంప్యూటరునకు తెలుపు చిన్న పరికరమది. దానిలోని సన్నతీగ వేడికి వ్యాకోచించి ఎచ్చటనో అతుకు విడిచినచో కంప్యూటరునకు వార్త అందదు. వార్త అందనిదే స్పార్కును పెట్రోలును రెంటిని ఆపివేయును. సెల్ఫు త్రిప్పుచుండగా ఇంజను వేగము చూపు ముల్లు, అది గల బండ్లలో చాలవరకు, కొంచెము లేచి ఆడుచుండును. అసలు కదలకున్నచో ఈ సెన్సారునే ముందు చూడవలెను. నడచుచున్న బండి వేడిమీద హఠాత్తుగా ఆగిపోవుటయు దీని గురుతే. సెన్సారుమీద మాత్రము చల్లని తడిగుడ్డ నుంచి, రెండు మూడు నిమిషముల పిమ్మట త్రిప్పినప్పుడు లేచెనా, ఇక వేరుపరీక్ష యక్కరలేదు.

ఒత్తిడి నిలువకపోవుట మరియొకటి. ట్యాంకులోని పంపునందలి కవాటము కారినను, ఇంజెక్టరు కారినను, బండి నిలిపిన పావుగంటలో ఒత్తిడి దిగి, గొట్టములో ఆవిరి పుట్టును. తాళమును సెల్ఫువరకు పోనీయక, వెలుగులు వెలుగువరకు త్రిప్పి రెండు సెకండ్లు ఆగి, మరల కట్టి, ఇట్లు మూడుసార్లు చేసి పిమ్మట సెల్ఫు త్రిప్పినచో సులభముగ లేచుచున్నదా? అయినచో లోపము ఒత్తిడిలోనే. ఇంజను వేడిని చెప్పు సెన్సారు చెడి, కాగిన ఇంజనును చల్లనిదని కంప్యూటరునకు చెప్పినచో అది పెట్రోలును హెచ్చుగ పోయించును. అప్పుడు నల్లపొగయు వాసనయు తోడువచ్చును. అట్టిచో యాక్సిలరేటరును చివరివరకు తొక్కిపట్టి త్రిప్పుట పెక్కుబండ్లలో ఇక్కడను పనికివచ్చును. కంప్యూటరు అది గ్రహించి పెట్రోలు చిమ్ముట నాపును.

ఇక డీజలు ట్రాక్టర్లు. వీనిలో స్పార్కు లేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టు వేడిమికే డీజలు అంటుకొనును. కాబట్టి కాగిన డీజలు ఇంజను చల్లనిదానికంటె సులభముగ లేవవలెను. అట్లు కాక చల్లగా నున్నప్పుడు లేచి వేడిమీద లేవనిచో, సెల్ఫు మెల్లగా తిరుగుచున్నదేమో మొదట చూచి, అది బాగున్నచో ఇంజెక్షను పంపు అరిగినదని అనుమానింపవలెను. డీజలు వేడెక్కినకొలది పలుచనగును. అరిగిన పంపులో పలుచని డీజలు సందులగుండ జారిపోయి, సెల్ఫు త్రిప్పు కొద్దివేగమున ఇంజెక్టరును తెరువజాలినంత ఒత్తిడి పుట్టదు. ఆగిన ఇంజను పంపుతలపై తడిగుడ్డలు చుట్టి పది పదునైదు నిమిషము లుంచి త్రిప్పుడు. లేచినచో పంపు అరిగినట్లే. నడచుచున్న పంపుమీద చన్నీరు గుమ్మరింపరాదు. లోపలి బిగుతైన భాగములు ముడుచుకొని పట్టివేయును. పంపు మరమ్మతు ఖర్చుతో కూడినది గాన ఈ పరీక్ష చేయక దానికి ఒప్పుకొనవలదు. నీరు కలిసిన డీజలును, నెలలకొలది మార్చని ఫిల్టరును వాడుటవలననే పంపు త్వరగా అరుగునని ట్రాక్టరు గలవారు గుర్తించినచో మేలు. ఆపిన ట్రాక్టరును దిబ్బమీద నిలిపి దొర్లించి లేపుకొను అలవాటు మన పల్లెలలో నున్నది. సెల్ఫు చెడినప్పుడు అది ఒకపూట గడుపును గాని, పంపు అరిగినప్పుడు జబ్బును కప్పిపుచ్చి ముదురబెట్టును.

వాల్వుల సందు మిక్కిలి బిగుతుగా పెట్టినప్పుడును వేడిమీద అవి పూర్తిగా మూసికొనక, అదుముడు తగ్గి, పెట్రోలు డీజలు రెండు రకముల యింజనులును మొండికేయును. ఇటీవలనే వాల్వులు సరిచేయించిన బండి యైనచో ఆ సందును మరల కొలిపింపవలెను. ఇంజను వేడి ముల్లు ఎర్రగీత కెక్కిన పిమ్మట నిలిచిపోయిన బండి సంగతి వేరు. అది మరల లేచినను నడుపరాదు. రేడియేటరు మూతను కాగియున్నప్పుడు తీయరాదు. ఒత్తిడిలోనున్న నీరు నూరు డిగ్రీలు దాటియుండి, మూత వదలినంతనే పొంగి చేతులను మొగమును కాల్చును. అరగంట యాగి, మందపు గుడ్డతో కొంచెము కొంచెముగ వదలింపవలెను.

మెకానికువద్దకు పోవునప్పుడు "బండి లేవడములేదు" అని మాత్రము చెప్పిన లాభము లేదు. ఆపిన ఎన్ని నిమిషములకు లేవలేదు, సెల్ఫు తిరిగినదా, స్పార్కు ఉండినదా, ప్లగ్గు తడియా పొడియా, తడిగుడ్డ దేనిపై వేయగా లేచినది అను నైదు సంగతులు చెప్పుడు. మార్చిన పాతసామానును అడిగి ఇంటికి తెచ్చుకొనుడు. మా జీపునుండి తీసిన బ్యాటరీ నేటికిని సంఘపు గోదాములో దీపములు వెలిగించుచున్నది. ఆ జీపు మాత్రము కాయిలు మార్చినది మొదలు ఆ యెగువదారిలో టీ అంగడివద్ద నిలిచి, తిరిగి తాళము త్రిప్పినంతనే లేచి, వేలమునకు ముందే మార్కెట్టు చేరుచున్నది.